పీస్ నదిలో మూడు వేళ్ల గుర్రాల పళ్లు

అందరికీ నమస్కారం.

ఫ్లోరిడాలో పీస్ నది అడుగున గులకరాళ్లలో గుర్రపు పళ్లు దొరుకుతాయి. చిక్కల్లా ఏమిటంటే, నది పాత పొరలను కోసి అంతా కలిపేసింది. సుమారు 50 లక్షల ఏళ్ల నాటి మూడు వేళ్ల నానిప్పస్ పన్నూ, మంచుయుగపు ఒంటిగిట్ట ఈక్వస్ పన్నూ ఒకే జల్లెడలో పడతాయి. రెండూ నల్లగానే ఉండొచ్చు. చోటూ రంగూ వయసు చెప్పవు, పన్నే చెప్పాలి.

పై దవడ పన్ను నమిలే ముఖాన్ని 10 రెట్ల లెన్సుతో చూడండి. నాలుక వైపున్న ఎనామెల్ మడతను ప్రోటోకోన్ అంటారు. ఈక్వస్‌లో అది సన్నని మెడతో మిగతా ఎనామెల్‌కు అతుక్కుని ఉంటుంది. మూడు వేళ్ల గుర్రాలైన నానిప్పస్, నియోహిప్పారియన్, కార్మోహిప్పారియన్‌లలో చుట్టూ సిమెంటుతో (పంటిలోని ఎముకలాంటి పదార్థం) విడిగా, దీవిలా నిలుస్తుంది. దీవి బాగా సాగి ఉంటే నియోహిప్పారియన్ కావచ్చు. పంటి మూలాల దాకా అరిగిన పంటిలో మాత్రం కొన్ని జాతుల్లో దీవి పక్క మడతతో కలిసిపోతుంది. అలాంటిదానికి పేరు పెట్టకపోవడమే మేలు. కింది దవడ పళ్లకు ఈ దీవి గుర్తే లేదు. సైజు కొంత సాయం చేస్తుంది: ఈక్వస్ పన్ను రెండున్నర సెంటీమీటర్లు ఉంటే నానిప్పస్‌ది ఒకటిన్నర. కానీ చిన్న పంటికల్లా ‘మూడు వేళ్లు’ అని చీటీ అంటించి అమ్మేవాళ్లను నమ్మకండి.

జల్లెడ కన్ను పావు అంగుళం దాటకూడదు. అర అంగుళమైతే పక్కవేళ్ల చిన్న ఎముకలు జారిపోతాయి, అసలు మూడు వేళ్లకు సాక్ష్యం అవే. చలికాలం నుంచి మే దాకా నీళ్లు తక్కువ. వానలు మొదలైతే అడుగు అందదు. గట్టు తవ్వకండి: కూలి మీద పడుతుంది, పైగా చాలాచోట్ల అది ప్రైవేటు భూమి. మొసళ్ల సంగతి చెప్పక్కర్లేదనుకుంటాను.

ఎముకలను ఎండలో పెడితే చీలుతాయి. నీడలో నెమ్మదిగా ఆరనిచ్చి, పెళుసుగా ఉంటే అసిటోన్‌లో 5 శాతం పారలాయిడ్ బి-72 (ఎముకను గట్టిపరిచే ప్లాస్టిక్ రెసిన్) పట్టించండి. తడి ఉండగా పూస్తే తెల్లపొర కడుతుంది. వెనిగర్ జోలికి పోవద్దు, అది ఎముకనే తింటుంది.

సొరచేప పళ్లకు అనుమతి అక్కర్లేదు. గుర్రపు పంటికి కావాలి: ఫ్లోరిడా మ్యూజియం ఇచ్చే ఏడాది పర్మిట్ తీసుకుని, దొరికినవాటి జాబితా పంపాలి. 60 రోజుల్లోపు వాళ్లు అడగకపోతే అవి మీవే.