డ్యూబోల్ యుద్ధం 1864: డెన్మార్క్ సైన్యాన్ని వెనక్కి ఎందుకు రానివ్వలేదు?

[తెరపై: డెన్మార్క్ దక్షిణ భాగం మ్యాప్]

1864 ఏప్రిల్ 18, ఉదయం 10 గంటలు. దాదాపు 10 వేల మంది ప్రష్యా (అప్పటి పెద్ద జర్మన్ రాజ్యం) సైనికులు కందకాల్లోంచి లేచి, డెన్మార్క్ చేతిలో ఉన్న డ్యూబోల్ కోటల మీదికి దూకారు. అరగంటలో దక్షిణం వైపు కోటలన్నీ వాళ్ల చేతికొచ్చేశాయి. నన్నడిగితే, ఈ ఓటమి అంతకు రెండు నెలల ముందే మొదలైంది.

గొడవ ష్లెస్విగ్ గురించి. అది డెన్మార్క్ రాజు కిందే ఉన్నా, డెన్మార్క్‌లో భాగం కాని ప్రాంతం. 1863లో డెన్మార్క్ కొత్త రాజ్యాంగంతో ఆ ప్రాంతాన్ని తనలో కలుపుకోబోయింది. ప్రష్యా ప్రధాని బిస్మార్క్‌కు కావలసిన సాకు దొరికింది. ఫిబ్రవరి 1న ప్రష్యా, ఆస్ట్రియా సేనలు సరిహద్దు దాటాయి.

డేన్లు, అంటే డెన్మార్క్‌వాళ్లు, నమ్ముకున్నది డానెవిర్కె అనే పాత రక్షణ గోడని. చలికి పక్కనున్న చిత్తడి నేలలు గడ్డకట్టాయి, శత్రువు చుట్టూ తిరిగి రావచ్చు. అందుకే జనరల్ డి మేజా రాత్రికి రాత్రే సైన్యాన్ని వెనక్కి తెచ్చాడు. సైన్యం దక్కింది. కానీ దేశం భగ్గుమంది, ఆయన పదవి పోయింది.

[తెరపై: డ్యూబోల్, ఆల్స్ దీవి, మధ్యలో జలసంధి]

ఆ కోపం నీడ డ్యూబోల్ మీద పడింది. ఇక్కడ 10 మట్టికోటలు, వెనకాల నీళ్లు, అవతల ఆల్స్ దీవి. ప్రష్యావాళ్లు పక్కనున్న బ్రోఆగర్ ద్వీపకల్పం మీద కొత్తరకం ఫిరంగులు పెట్టారు. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉండటంతో గుండు చాలా దూరం, గురిగా పోతుంది. నీళ్ల మీదుగా వచ్చి కోటలకు పక్కనుంచి తగిలేది. పగలు కూలిన మట్టిగోడను డేన్ సైనికులు రాత్రి మళ్లీ ఎత్తేవాళ్లు. వారాల తరబడి ఇదే పని, నిద్ర లేదు.

డెన్మార్క్ సేనాధిపతి జనరల్ గెర్లాక్ ఆల్స్‌కు వెళ్లిపోతామన్నాడు. కోపెన్‌హాగన్‌లోని ప్రభుత్వం ఒప్పుకోలేదు. లండన్‌లో శాంతి చర్చలు మొదలవబోతున్నాయి, అప్పటికి డ్యూబోల్ చేతిలో ఉండాలి! బిస్మార్క్‌కూ చర్చలకు ముందే గెలుపు కావాలి. ఈ రెండు లెక్కల మధ్య నలిగింది సైనికుడే.

ఆ ఉదయం డెన్మార్క్ 8వ బ్రిగేడ్ ఎదురుదాడి చేసి, మిగతావాళ్లు ఆల్స్‌కు వంతెనలు దాటేందుకు టైమిచ్చింది. తనవాళ్లలో దాదాపు సగం మందిని పోగొట్టుకుంది. మొత్తంగా డెన్మార్క్ చనిపోయిన, గాయపడిన, పట్టుబడినవాళ్లు కలిపి 4,700 మందికి పైగా కోల్పోయింది. ప్రష్యా నష్టం సుమారు 1,200.

రెడ్‌క్రాస్ ప్రతినిధులు తొలిసారి చేతికి గుర్తు కట్టుకుని తిరిగిన యుద్ధం కూడా ఇదే. ఒకరు ప్రష్యా వైపు, ఒకరు డెన్మార్క్ వైపు వెళ్లారు.

వారం తర్వాత లండన్ చర్చలు మొదలయ్యాయి, ఫలితం లేకుండానే ముగిశాయి. జూన్ 29న ఆల్స్ కూడా పోయింది. అక్టోబర్ 30న వియన్నా ఒప్పందంతో ష్లెస్విగ్, హోల్‌స్టైన్, లావెన్‌బుర్గ్‌లను డెన్మార్క్ వదులుకుంది. 1920లో ఓటింగ్ పెట్టాక ఉత్తర ష్లెస్విగ్ తిరిగొచ్చింది, దాంతోపాటే డ్యూబోల్ కూడా.