గోడకున్న ప్లగ్గు దగ్గర మొదలుపెట్టండి

(భీమవరంలో కాలేజీ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు కూర్చున్న సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. ఫోన్లలో పార్టుల లిస్టులు తెరుచుకుని వెనక వరసల్లో కూర్చున్న కుర్రాళ్లకు ఇంకో నమస్కారం.

తక్కువ డబ్బులో గేమింగ్ సిస్టమ్ ఎలా కట్టించుకోవాలో చెప్పమన్నారు. దీని మీద వీడియోలకు కొదవేం లేదు. చాలా వీడియోలు తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుతో మొదలవుతాయి. చివర్లో ఏమైనా మిగిలితే ఆ చిల్లరతో, గోడ కరెంటుని సిస్టమ్‌కి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా, అంటే ఒక ఎస్‌ఎంపీఎస్ తగిలిస్తారు. మన డెల్టాలో నేను దీన్ని తిరగేసి చెబుతాను. ముందు గోడకున్న ప్లగ్గు చూడండి, తర్వాత ఎస్‌ఎంపీఎస్ చూడండి, మిగతావన్నీ ఆ తర్వాతే.

మన కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు. చేపల, రొయ్యల చెరువుల మీద నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఒక్కసారి తిరగడం మొదలైతే ఇళ్లలో లైట్లు మసకబారతాయి. ఆపగానే వోల్టేజీ ఎగదన్నుతుంది. తొలకరిలో పిడుగులు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు ఉండనే ఉన్నాయి. ఈ దెబ్బలన్నీ ముందు తినేది ఎస్‌ఎంపీఎస్సే. అది మంచిదైతే తను పోయి మిగతావాటిని బతికిస్తుంది. నాసిరకానిదైతే పోతూ పోతూ పార్టులన్నీ కూర్చునే మదర్‌బోర్డునీ గ్రాఫిక్స్ కార్డునీ వెంటబెట్టుకుపోతుంది.

క్యాబినెట్ వెనక రేకు మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందని చాలామంది సిస్టమ్‌ని షాపుకి మోసుకొస్తారు. లోపల ఏదో షార్టయిందని వాళ్ల టెన్షన్. చాలావరకు సిస్టమ్ బాగానే ఉంటుంది, ఇంట్లో ఎర్తింగే ఉండదు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటుని వడగట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి నుంచి కాస్త లీకేజీ వస్తుంది, అది ఎర్త్ వైరులోంచి నేలలోకి పోవాలి. వైరే లేకపోతే రేకు మీదికొస్తుంది. అప్పుడు టెస్టర్ పెడితే వెలుగుతుంది. మీటరు పెడితే 230లో సగం దాకా చూపించొచ్చు. పాత ఇళ్లలో సాకెట్టుకి మూడు కన్నాలూ ఉంటాయి గానీ, విప్పి చూస్తే పై కన్నానికి వైరు ఉండదు. అలాగని ప్రతి షాకునీ ఈ ఖాతాలో వేసెయ్యకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. ఎర్త్ లేదని తేలితే పెరట్లో గొయ్యి తీయించి, బొగ్గూ ఉప్పూ పోయించి, రాడ్డు దింపించండి. మన నేలలో నాలుగడుగులు తవ్వితే తడి తగులుతుంది కాబట్టి ఎర్త్ బాగా దొరుకుతుంది. స్పైక్ గార్డు కొన్నాం కదా అంటారేమో. ఎర్త్ లేని ఇంట్లో అది సగం పని కూడా చెయ్యదు.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చేదాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని పక్కనున్న స్టిక్కరు చదవండి. పైన 450 వాట్లని లావు అక్షరాల్లో ఉంటుంది. కింద పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లని ఉందనుకోండి, పన్నెండు పదహార్లు 192. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తాగేది దాదాపు అంతా ఈ 12 వోల్టుల లైనులోంచే. అంటే మీ చేతిలో ఉన్నది 450 కాదు, 192. నిజాయితీగా చేసిన 550 వాట్లదాంట్లో అదే గడిలో 45 ఆంపియర్ల దాకా ఉంటుంది, లెక్కేస్తే 540. పైన పటారం, లోన లొటారం అంటే ఏంటో ఈ స్టిక్కరు చూస్తే తెలిసిపోతుంది.

80 ప్లస్ బ్రాంజ్ అనే ముద్ర చూసి కొనమని అందరూ చెబుతారు, నేనూ చెబుతాను. కానీ ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందన్నదే. వోల్టేజీ ఎగదన్నితే తట్టుకుంటుందో లేదో అది చెప్పదు. అందుకే ముద్రతో పాటు వారంటీ ఎన్నేళ్లో అడగండి. అయిదేళ్లు రాసిచ్చేవాడు లోపల కాస్త మంచి సరుకే పెట్టుంటాడు. ఎక్కువ వాట్లు కావాలని ఎగబడకండి. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లది, ఆర్‌ఎక్స్ 6600 అయితే 132, రైజెన్ 5 5600 ప్రాసెసర్ 65 వాట్ల తరగతిది. వీటికి మంచి 550 చాలు, 750 దండగ.

ఇంట్లో ఇన్వర్టరు ఉంది కదా, యూపీఎస్ ఎందుకని అడుగుతారు. కరెంటు పోయాక మంచి ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్నదాంతో ఒక 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. ఆలోపు ఇన్వర్టరు అందుకుంటే సిస్టమ్ ఆగదు. చాలా ఇన్వర్టర్లకు వెనక యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, దాన్ని అటు వేస్తే మారడం త్వరగా జరుగుతుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు చాలావాటికి కరెంటుని మెట్లుమెట్లుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు గిట్టదు, లైనులోలా నున్నగా ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ అయితే ఇబ్బంది లేదు. విడిగా యూపీఎస్సే కొంటామంటే దానిమీద రాసిన వీఏని 0.6తో గుణించి చూడండి. 600 వీఏ అంటే సుమారు 360 వాట్లే.

ఇక కుర్రాళ్లు ఎదురుచూస్తున్న గ్రాఫిక్స్ కార్డు. ఇది మానిటర్ని బట్టి ఉండాలి. 24 అంగుళాల 1080పీ మానిటర్లో గీయాల్సినవి 20 లక్షల పైచిలుకు చుక్కలు. 4కే అంటే దానికి నాలుగింతలు. మన బడ్జెట్ అరవై వేల చుట్టూ అనుకుంటే 1080పీ దగ్గరే ఆగండి. అందులో మూడోవంతు, కుదిరితే ఇంకాస్త, కార్డుకి పెట్టండి. కార్డులో మెమరీ 8 జీబీకి తగ్గకూడదు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటివి చవగ్గా కనబడతాయి. అందులో 4 జీబీయే ఉంటుంది, పైగా బోర్డుతో మాట్లాడుకోవడానికి నాలుగు లేన్లే, అంటే నాలుగు దారులే. పాత బోర్డులో పెడితే ఇంకా నెమ్మదిస్తుంది. కాలవ నిండా నీళ్లున్నా తూము చిన్నదైతే చేను తడవదు కదా!

సెకండ్ హ్యాండ్ కార్డు తప్పేం కాదు. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీకి మైనింగ్, అంటే కార్డులతో లెక్కలు చేయించి నాణేలు సంపాదించే పని, అవసరం లేకుండా పోయాక ఆ పనికి వాడిన కార్డులు బజార్లోకి కుప్పలుగా వచ్చాయి, కొన్ని ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. మీ ముందే ఒక అరగంట గేమ్ ఆడించి చూపిస్తేనే డబ్బివ్వండి. పాత చిప్పుకి పేరు మార్చి 1050 టీఐ అని అమ్మిన దొంగ కార్డులూ ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం అలాంటివాటిని చాలావరకు పట్టేస్తుంది.

ప్రాసెసర్ దగ్గర తల్లిదండ్రులు జాగ్రత్తగా వినాలి. "ఐ7 అండి, పదహారు జీబీ అండి, పదిహేను వేలేనండి" అంటారు. ఏ ఐ7 అని అడగండి. ఆఫీసుల్లో వాడి పారేసిన నాలుగో తరం ఐ7 అయితే అది 2013, 14 నాటిది. విండోస్ 11 దాన్ని ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11లో వాలరెంట్ గేమ్ ఆడాలన్నా టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఉండాల్సిందే. దాని బదులు 12వ తరం ఐ3 12100ఎఫ్ గేముల్లో దాన్ని అవలీలగా దాటేస్తుంది. పేరు చివర ఎఫ్ ఉంటే ప్రాసెసర్లో సొంత గ్రాఫిక్స్ ఉండవు, కార్డు లేకుండా తెర వెలగదు. కార్డు ఆర్నెల్లు ఆగి కొందామనుకునేవాళ్లు ఎఫ్ జోలికి పోకండి, సొంత గ్రాఫిక్స్ ఉన్న 5600జీ లాంటిది తీసుకోండి. కార్డు పెట్టాక మానిటర్ కేబుల్ బోర్డుకి కాకుండా కార్డుకే గుచ్చండి. కొత్త సిస్టమ్ తెర నల్లగా ఉందనో, గేమ్ ఈడుస్తోందనో వచ్చే ఫోన్లలో చాలా వాటికి మందు ఇంతే.

ర్యామ్ ఈమధ్య చుక్కలు చూపిస్తోంది. 2025 చివర నుంచి తయారీ కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లడంతో ధరలు విపరీతంగా పెరిగాయి. రైజెన్ ప్రాసెసర్లు కూర్చునే కొత్త ఏఎం5 బోర్డులకి డీడీఆర్5 ర్యామ్ తప్ప వేరే దారి లేదు. పాత ఏఎం4కి డీడీఆర్4 చాలు, కాకపోతే ఆ బాటలో ముందుముందు పెద్ద ప్రాసెసర్లు రావు. చేతిలో పాత డీడీఆర్4 స్టిక్కులున్నవాళ్లు మొహమాటపడకుండా ఏఎం4 కట్టించుకోండి. ఒక 16 జీబీ స్టిక్కు కంటే రెండు 8 జీబీలు మేలు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ వేగం సెట్టింగు ఆన్ చెయ్యకపోతే 3200 వేగమని కొన్నది 2666లోనో అంతకన్నా తక్కువలోనో నడుస్తుంది, ఎవరూ మీకు చెప్పరు. ఎస్‌ఎస్‌డీ అంటే గేములూ ఫైళ్లూ దాచే చోటు, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కుదిరితే 1 టీబీ తీసుకోండి.

క్యాబినెట్‌కి ముందు వైపు గాజు వద్దు, జాలీ ఉన్నది తీసుకోండి. రోహిణి కార్తెలో మన ఉక్కపోతకి రంగుల లైట్లు ఏమీ చెయ్యలేవు. వేడెక్కుతోందని పక్క డోరు తీసి టేబుల్ ఫ్యాను పెట్టేవాళ్లున్నారు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్లలో ఆ గాలితో ఉప్పు తేమ కూడా లోపలికి పోతుంది. డోరు తెరిచి ఉంటే చీమలూ బల్లులూ సరేసరి. ఎస్‌ఎంపీఎస్‌లోకి దూరిన ఒక్క బల్లి చాలు, ఫ్యూజు ఎగరడానికి. వాడని కార్డు స్లాట్లకి రేకు బిళ్లలు బిగించే ఉంచండి, షాపువాడు తీసేసుంటే అడిగి వేయించుకోండి.

ఎక్కడ కొనాలంటారా? నర్సాపురం బండెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తే వెయ్యో రెండు వేలో కలిసొస్తాయి, రకాలు కూడా ఎక్కువ దొరుకుతాయి. కానీ బోర్డు పోయినప్పుడు మళ్లీ బండెక్కాలి. అందుకని కార్డూ ప్రాసెసరూ అక్కడ కొనుక్కున్నా, ఎస్‌ఎంపీఎస్, బోర్డు, యూపీఎస్ మాత్రం మన ఊళ్లోనే, సైకిలేసుకుని వెళ్లి అడగ్గలిగిన షాపులోనే కొనండి. బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి. బిల్లు వద్దంటే తగ్గిస్తానంటాడు. వారంటీ కూడా తగ్గిపోతుంది, ఒప్పుకోకండి.

ఇక మీ లిస్టులు తియ్యండి, ముందు వరస నుంచి ఒక్కొక్కటీ చూద్దాం.