గోడమీద మూడు కాగితాలు

అందరికీ నమస్కారం. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ చదివే మీరంతా ఇవాళ ఒకే హాల్లో కూర్చున్నారు. నా చదువు మొత్తంలో ఒక్కరోజు కూడా నాకిది దక్కలేదు.

హైదరాబాద్ బోరబండలో ఒక ఇంటి సంగతి చెప్తాను. టిఫిన్ బండి నడిపే పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట తడబడుతోంది. మంచం పక్కన మేకుకు మూడు కాగితాలు గుచ్చి ఉన్నాయి. ఒకటి కాలికి, ఒకటి చేతికి, ఒకటి మాటకు రాసిచ్చిన వ్యాయామాలు. "బిడ్డా, ఇందులో ఏది ముందు చేయించాలె? మరి వంట ఎప్పుడు చేసుకోవాలె?" అని ఆయన భార్య అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అందులో ఒక కాగితం నేను రాసిందే.

తర్వాతి వారం మూడు కోర్సుల నుంచి ఒక్కొక్కర్ని తీసుకెళ్లాను. ఫిజియో అమ్మాయి ఆయన్ని నాలుగడుగులు నడిపించి, మంచంమీద వాలగానే నీళ్ల గ్లాసు అందించింది. స్పీచ్ థెరపీ అబ్బాయి గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "పొలమారుతుంది అక్కా. నిటారుగా కూర్చోబెట్టి, ఒక్కో గుక్కే ఇవ్వాలి." పక్షవాతంలో మింగడం దెబ్బతింటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ఆ అమ్మాయి ఇది పుస్తకంలో చదివే ఉంటుంది. కానీ ఆ గ్లాసు దగ్గర నేర్చుకున్నది ఇక మరిచిపోదు.

ఓటీ, అంటే రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చేసే ఆక్యుపేషనల్ థెరపీ, చదివే అమ్మాయి మాత్రం వ్యాయామం ఊసెత్తకుండా, "తాతా, మీకేం చెయ్యాలనుంది?" అని అడిగింది. "దోసె" అన్నాడాయన, కష్టంమీద. ఆ ఒక్క మాటతో ముగ్గురి పనీ కలిసిపోయింది. పొయ్యి గట్టు దగ్గర కుడికాలిమీద బరువు వేసి నిలబడటం, కుడిచేత్తో గిన్నె పట్టుకోవడం, ఇడ్లీ, వడ, దోసె అని పైకి చెప్పడం. మూడు కాగితాలు పోయి ఒకటే మిగిలింది.

వేర్వేరు కోర్సుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. మన దగ్గర స్పీచ్ థెరపీ 1992 నాటి పునరావాస మండలి చట్టం కిందికి, ఫిజియో, ఓటీ 2021 నాటి అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కిందికి వస్తాయి. చట్టాలు రెండైనా రోగి ఒక్కడే కదా!

బ్యానర్ కట్టి, ఒక్కపూట క్యాంపు పెట్టి, ఫొటో దిగి వచ్చేస్తే దాన్ని సేవ అనడానికి నాకు మనసొప్పదు. అందుకే ఈ ఏడాది ముగ్గురికి ఒక ఇల్లు అప్పగిస్తున్నాం. ప్రతి శనివారం అదే ఇంటికి వెళ్తారు. ముగ్గురూ రాసేది ఒకే నోట్‌బుక్‌లో, అది ఆ ఇంట్లోనే ఉంటుంది. ఇంటివాళ్లూ అందులో రాయొచ్చు.

మొదటి నోట్‌బుక్ ఆ పెద్దాయన ఇంట్లో ఉంది. మొన్న తెరిస్తే మనవరాలి చేతిరాతలో ఒక లైను కనిపించింది: "తాత ఇయ్యాల చట్నీ గిన్నె కింద పడెయ్యలేదు."