సింగిల్ క్యామ్, డబుల్ క్యామ్, వీవీటీ: అసలు తేడా ఎక్కడుంది?

2020లో ఐదో తరం హోండా సిటీ వచ్చింది. పెట్రోల్ ఇంజన్ మళ్ళీ 1.5 లీటరే. పాత బండిలో పవర్ 119 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), కొత్తదాంట్లో 121. కానీ వాల్వ్ కవర్ ఊడదీస్తే లోపల సరంజామా వేరు. పాతదాంట్లో ఒకే క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచి మూసే కడ్డీ), కొత్తదాంట్లో రెండు. రెండు పీఎస్ కోసం హెడ్ (వాల్వులు ఉండే ఇంజన్ పైభాగం) మొత్తం మార్చేశారా అని చాలామంది అడిగారు. పవర్ కోసం కాదు, ఎందుకో చూద్దాం.

ముందు ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఆ క్యామ్ ఎక్కడ కూర్చుంది అనేదే మొదటి తేడా. అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజన్‌లో క్యామ్ కింద బ్లాక్‌లో ఉండేది. అక్కణ్ణుంచి పుష్‌రాడ్లు పైకి వెళ్ళి, వాల్వులను నొక్కే మీటల్లాంటి రాకర్లను తన్నేవి. కదిలే బరువు ఎక్కువ కాబట్టి ఆర్‌పీఎం పెరిగేకొద్దీ స్ప్రింగులు వాల్వులను అదుపులో పెట్టలేవు. అందుకే క్యామ్‌ని హెడ్ మీదికి ఎక్కించారు.

హెడ్ మీద ఒకటే క్యామ్ ఉంటే ఎస్ఓహెచ్‌సీ (సింగిల్ ఓవర్‌హెడ్ క్యామ్). పాత సిటీ ఇదే: మధ్యలో క్యామ్, దాని మీంచి రాకర్లు రెండు పక్కలకీ. సిలిండర్‌కి నాలుగు చొప్పున మొత్తం 16 వాల్వులు. అంటే 16 వాల్వులు ఉన్నంత మాత్రాన డబుల్ క్యామ్ అనుకోకండి, ఈ పొరపాటు సెకండ్ హ్యాండ్ బండ్ల ప్రకటనల్లో రోజూ కనిపిస్తుంది. ఇన్‌టేక్‌కి (గాలి లోపలికి వచ్చే వాల్వులకి) ఒకటి, ఎగ్జాస్ట్‌కి (పొగ బయటికి పోయే వాల్వులకి) ఒకటి ఉంటే డీఓహెచ్‌సీ (డబుల్ ఓవర్‌హెడ్ క్యామ్). మారుతి 1.2 లీటర్ కె12ఎం ఇంజన్ అలాంటిదే. అందులో రాకర్ లేదు, క్యామ్ నేరుగా వాల్వ్ మీదుండే గిన్నెలాంటి ట్యాపెట్ నెత్తిన నొక్కుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ తెరుచుకుంటుంది. రెండూ తెరిచి ఉండే ఆ కాసేపటినే ఓవర్‌ల్యాప్ అంటాం. ఐడిల్‌లో ఇది ఎక్కువైతే కాలిన గ్యాస్ ఇన్‌టేక్‌లోకి ఎదురొచ్చి ఇంజన్ వణుకుతుంది. ఓ మోస్తరు లోడ్‌లో అదే ఓవర్‌ల్యాప్ మైలేజీకి మంచిది. ఆర్‌పీఎం బాగా పెరిగితే ఇన్‌టేక్ ఆలస్యంగా మూసుకోవాలి. ఒకే సెట్టింగ్ అన్నిటికీ కుదరదు కాబట్టి వీవీటీ (వేరియబుల్ వాల్వ్ టైమింగ్) పెట్టారు. క్యామ్ చివర చైన్ స్ప్రాకెట్‌లో ఫేజర్ ఉంటుంది. దాని గదుల్లోకి ఇంజన్ ఆయిల్ ప్రెషర్‌తో వెళ్ళి క్యామ్‌ని కాస్త ముందుకో వెనక్కో తిప్పుతుంది.

మరి సింగిల్ క్యామ్‌ని తిప్పితే? ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ కలిసే జరుగుతాయి, ఓవర్‌ల్యాప్ అంతే ఉంటుంది. అమెరికాలో ఫోర్డ్ 5.4 లీటర్ మూడు వాల్వుల వీ8 చేసింది ఇదే. 2008 డాడ్జ్ వైపర్‌లో క్యామ్ లోపల క్యామ్ పెట్టి ఈ చిక్కుని దాటారు, మామూలు కారుకి అంత ఖర్చు ఎవరు పెడతారు?

హోండా వీటెక్ సంగతి వేరు. 1989లో ఇంటెగ్రాతో వచ్చిన వీటెక్ టైమింగ్‌ని జరపదు, లోబ్‌నే (క్యామ్ మీద వాల్వ్‌ని తెరిచే ఉబ్బు) మారుస్తుంది. ఆయిల్ ప్రెషర్‌తో ఒక పిన్ను రాకర్లను కలిపి లాక్ చేస్తే వాల్వులు పెద్ద లోబ్ మీద నడుస్తాయి. దీనికి సింగిల్ క్యామ్ చాలు, పాత సిటీలో ఉన్నది అదే. కొత్త సిటీలో వీటెక్‌తో పాటు ఇన్‌టేక్ క్యామ్‌ని విడిగా తిప్పే వీటీసీ కూడా కావాలి. రెండో క్యామ్ వచ్చింది అందుకు. మారుతి కూడా కె12ఎంలో ఇన్‌టేక్‌కే ఉన్న వీవీటీని తర్వాతి కె12ఎన్‌లో ఎగ్జాస్ట్‌కీ పెట్టింది.

వీటన్నిటికీ ఆయిలే ప్రాణం. లెవెల్ తగ్గినా, గ్రేడ్ మారినా, మడ్డి పట్టినా మొదట దెబ్బతినేది ఇక్కడే. చెక్ ఇంజన్ లైట్ వెలిగి పి0011 కోడ్ వచ్చిందనుకోండి, ఇన్‌టేక్ క్యామ్ ఉండాల్సినదానికంటే ముందుకెళ్ళి అక్కడే ఆగిందని. వెంటనే ఫేజర్ కొనకండి. డిప్‌స్టిక్ తియ్యండి. ఆయిల్ సరిగ్గా ఉంటే ఇంజన్ వేడెక్కాక స్కానర్‌లో క్యామ్ టార్గెట్, అసలు యాంగిల్ పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత ఆయిల్ కంట్రోల్ వాల్వ్ (ఫేజర్‌కి ఆయిల్ వదిలే కరెంటు వాల్వ్) కనెక్టర్ పీకి ఓమ్స్ కొలవండి. టొయోటా పాత వీవీటీ-ఐ వాల్వులకు 20 డిగ్రీల దగ్గర 6.9 నుంచి 7.9 ఓమ్స్ రావాలి. వేరే బండికి దాని మాన్యువల్ చూడాలి. ఐడిల్‌లో ఇన్‌టేక్ క్యామ్ వైపు ఆ ఆయిల్ కంట్రోల్ వాల్వ్‌కి ఒకట్రెండు సెకన్లు 12 వోల్టులు ఇవ్వండి. ఇంజన్ కుంటినా ఆగిపోయినా వాల్వ్, ఫేజర్ రెండూ కదులుతున్నట్టే. ఏమీ కాకపోతే ఇంజన్ ఆపి ఆ వాల్వ్ విప్పి, లోపల స్పూల్ (అటూ ఇటూ జరిగే కడ్డీ) కదులుతోందా, జాలీ మూసుకుపోయిందా చూడండి. తిరిగి బిగించేటప్పుడు కొత్త ఓ-రింగ్‌కి (రబ్బరు సీలు) ఆయిల్ రాయండి, పొడిగా తోస్తే తెగి కారుతుంది.

కోడ్ పి0016 అయితే అనుమానం చైన్ మీదికి వెళ్ళాలి. చైన్ సాగినా, పన్ను జంప్ అయినా క్రాంక్, క్యామ్ సిగ్నళ్ళు కలవవు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒకట్రెండు సెకన్లు గరగరమని ఆగిపోతే ఫేజర్ లాక్ పిన్ అరిగి ఉండొచ్చు. చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్‌ని కూడా ఒకసారి చూడండి.

సీఎన్‌జీ బండ్లవాళ్ళకి ఒక మాట. ట్యాపెట్ సౌండ్ రాకపోతే అంతా బాగున్నట్టు కాదు. గ్యాస్ మీద వాల్వ్ సీటు అరిగితే వాల్వ్ పైకి జరిగి, దానికీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య గ్యాప్ తగ్గుతుంది, సౌండ్ ఉండదు, ఎగ్జాస్ట్ వాల్వ్ మాత్రం కాలిపోతుంది. సింగిల్ క్యామ్ సిటీ 1.5లో చల్లటి ఇంజన్ మీద ఆ గ్యాప్ ఇన్‌టేక్‌కి 0.15 నుంచి 0.19 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.26 నుంచి 0.30. ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే సన్న రేకు) పెట్టి, లాక్‌నట్ వదులు చేసి, స్క్రూ తిప్పితే అయిపోతుంది. కె12ఎంలో స్క్రూ ఉండదు. గ్యాప్ కొలిచి, క్యామ్ విప్పి, సరైన మందం ఉన్న ట్యాపెట్ వెయ్యాలి. అందుకే మెకానిక్ ఈ పనికి ఎక్కువ అడిగితే బేరమాడకండి, గ్యాప్ కొలిచాడా లేదా అని మాత్రం అడగండి.