ఎఫ్‌సీకి నెల ముందే బండి కిందకి దూరాలి

హోస్ట్: నమస్తే అండీ. ఇవాళ విజయవాడ ఆటోనగర్‌లో ఓ షెడ్డులోనే కూర్చున్నాం. వెనక సుత్తి దెబ్బలు వినబడతాయి, ఏమనుకోకండి. ముప్ఫై ఏళ్లకు పైగా లారీ తిప్పుతున్న మా బాబాయ్ నా పక్కనున్నారు. బాబాయ్, మన బండికి ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఎప్పుడు?

బాబాయ్: వచ్చే నెలమ్మా. ఎనిమిదేళ్లు దాటిన బండి కదా, ఏటేటా చేయించాల్సిందే. ఎనిమిదేళ్ల లోపైతే రెండేళ్లకోసారి.

హోస్ట్: గడువు దాటితే ఏముంది, ఫైన్ కడితే సరి అంటారు చాలామంది.

బాబాయ్: అక్కడితో పోదు తల్లీ. మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ చూడు. ఎఫ్‌సీ లేని లారీకి రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టే. అప్పుడు ఏదన్నా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మెలిక పెడతారు. ఓనరు నెత్తిన పడుతుంది.

హోస్ట్: అయినా ఇంకా నెల ఉందిగా, ఇప్పుడే బ్రేకు డ్రమ్ములు ఎందుకు విప్పించారు?

బాబాయ్: కుర్రతనంలో ఓ తప్పు చేశానమ్మా. ఎఫ్‌సీ రోజుకి తెలిసినవాళ్ల టైర్లు తెచ్చి బిగించా. బండి పాసయింది, సాయంత్రానికి టైర్లు తిరిగిచ్చేశా. పది రోజులకి గుంటూరు యార్డు నుంచి మిర్చి బస్తాలతో వస్తుంటే కాజ దగ్గర ముందు టైరు పేలింది. బండి డివైడరెక్కింది. క్లీనరు పిల్లాడి చెయ్యి విరిగింది. ఆసుపత్రిలో వాళ్లమ్మ నన్నేమీ అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుతుంది.

హోస్ట్: ...టైరు అరిగిందని మీరెలా చూస్తారు?

బాబాయ్: ఇలా రా. ఈ గాడిలో వేలు పెట్టు. అడుగున చిన్న బొడిపె తగిలిందా? రబ్బరు అరిగి దానితో సమానమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చినట్టు. ఆ టైరు పనికిరాదు.

హోస్ట్: బ్రేకులు?

బాబాయ్: అసలు సంగతి అక్కడే ఉంది. లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. ట్యాంకులో గాలి నిండాక ఇంజను ఆపి, బ్రేకు పెడల్ తొక్కిపట్టి గాలి మీటరు ముల్లు చూడాలి. జారుతోందంటే ఎక్కడో లీకుంది. జాయింట్ల మీద సబ్బునీళ్లు పోస్తే బుడగలొస్తాయి. టెస్టింగ్ సెంటర్లో బండిని రోలర్ల మీద ఎక్కిస్తారు. ఎడమ చక్రం ఎంత పట్టింది, కుడిది ఎంత పట్టిందీ మిషనే చెబుతుంది. డ్రమ్ములో రాసుకుని చక్రాన్ని ఆపే లైనర్లు ఒక పక్కే మారిస్తే అక్కడ దొరికిపోతాం. దొరకడం అటుంచు, వానలో బ్రేకేస్తే బండి ఒక పక్కకి లాగేస్తుంది.

హోస్ట్: రేడియం స్టిక్కర్లు, స్పీడ్ గవర్నరు కూడా చూస్తారుగా?

బాబాయ్: చూస్తారు. ముందు తెలుపు, పక్కన పసుపు, వెనక ఎరుపు. గవర్నరు బండి వేగాన్ని గంటకి 80 కిలోమీటర్లు దాటనివ్వకూడదు. స్టిక్కరు మీద బురద తుడవడం మాత్రం రోజూ పనే. రాత్రి హైవే పక్కన ఆగిన లారీ వెనక వచ్చే బైకు కుర్రాడికి కనబడేది అదొక్కటే.

హోస్ట్: ఇప్పుడేం చేయబోతున్నారు?

బాబాయ్: వెనక యాక్సిల్‌కి రెండు పక్కలా లైనర్లు మార్పిస్తున్నా. ఆ టార్చి ఇలా అందుకో.