ఎండాకాలం దాటాల్సిన తేనెపెట్టె

శ్రోతలకు నమస్కారం.

ఇంటి పెరట్లోనో, నిమ్మతోట గట్టు మీదనో ఒకటి రెండు తేనెపెట్టెలు పెట్టుకోవాలన్న సరదా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామందికి ఉంది. పెట్టె తెచ్చుకోవడం తేలికే. సంక్రాంతికి ఈగలు కళకళలాడతాయి, ఉగాది నాటికి కాస్త తేనె కూడా చేతికొస్తుంది. తీరా రోహిణి కార్తెలో మూత తీసి చూస్తే పెట్టె ఖాళీ. మాకు అచ్చిరాలేదని వదిలేస్తారు. నిజానికి నీడ, నీళ్లు, మేత, ఈ మూడింట్లో ఏదో తక్కువై ఈగలు లేచిపోయి ఉంటాయి. మన ప్రాంతంలో తేనెటీగల పెంపకమంటే ఏప్రిల్ నుంచి జూలై దాకా వాటిని నిలబెట్టుకోవడమే.

పెట్టె కొనకముందు ఊరి చుట్టూ ఏమేం పూస్తాయో చూసుకోండి. మన దేశవాళీ పుట్ట తేనెటీగ ఎక్కువగా కిలోమీటరు లోపే తిరిగి మేత తెచ్చుకుంటుంది. చుట్టూ వరిచేలు తప్ప మరేమీ లేని ఊళ్లో పెట్టె పెట్టకండి. వరి పూతలో తేనె ఉండదు, గింజ కట్టడానికి వరికి ఈగతో పనీ లేదు. తీరం వెంబడి సరుగుడు తోటలూ అంతే. పొదలకూరు, రాపూరు వైపు నిమ్మ, మెట్ట మండలాల్లో కంది, నువ్వు, పొద్దుతిరుగుడు, జామాయిల్, రోడ్ల పక్కన వేప, కానుగ, చింత, బీళ్లలో సర్కారు తుమ్మ, పెరళ్లలో మునగ, కొబ్బరి ఉన్నచోట ఈగలకు మేత దొరుకుతుంది.

ఈశాన్య రుతుపవనాల వానలు వెలిశాక, డిసెంబరులో మొదలుపెట్టడం మంచిది. ఇటాలియన్ ఈగ తేనె ఎక్కువే ఇస్తుంది గానీ, పూత ఎక్కడుంటే అక్కడికి పెట్టెల్ని తరలించగలవాళ్లకే అది కుదురుతుంది. సరదాగా పెంచేవాళ్లకు పుట్ట తేనెటీగే నయం. పెట్టెలో ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాల్ని ఫ్రేములంటారు. గుడ్లు పెడుతున్న రాణితో నాలుగైదు ఫ్రేముల ఈగలున్న పెట్టెలు రెండు తీసుకోండి. రెండెందుకంటే, ఒకదాంట్లో రాణి పోతే రెండోదాంట్లోంచి తాజా గుడ్లున్న ఫ్రేము తెచ్చి అందులో పెట్టవచ్చు. కూలి ఈగలు ఆ గుడ్ల నుంచే కొత్త రాణిని తయారుచేసుకుంటాయి.

పెట్టెను వేపచెట్టు నీడన, ద్వారం తూర్పుకు ఉండేలా, మనుషులు నడిచే దారికి పది అడుగులు ఎడంగా పెట్టండి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు తప్పనిసరి, లేకపోతే చీమలు పట్టి ఈగల్ని తరిమేస్తాయి. రాత్రిళ్లు వరండా దీపం వెలుగు ద్వారం మీద పడితే ఈగలు దీపానికి వచ్చి చస్తాయి, ఇంట్లోవాళ్లనూ కుడతాయి.

వారం పది రోజులకోసారి ఉదయం పూట, కాస్త పొగ వేసి, ఫ్రేములు తీసి చూడాలి. ఎండ మీ భుజం వెనక నుంచి పడేలా నిలబడి పట్టులోని గదుల అడుగుకు చూడండి. సన్నటి తెల్లని గుడ్డు గదికొకటి నిలబడి కనిపిస్తే రాణి క్షేమం. దాన్ని వెతుక్కుంటూ అన్ని ఫ్రేములూ కెలకక్కర్లేదు. ఒకే గదిలో రెండు మూడు గుడ్లు, అవీ గోడలకు అంటుకుని ఉంటే, రాణి పోయి కూలి ఈగలే గుడ్లు పెడుతున్నాయని అర్థం. వాటి నుంచి వచ్చేవన్నీ పోతు ఈగలే.

ఇక ఎండాకాలం. పెట్టెలో ఈగలు పిల్లల్ని పెంచే కింది అరను పిల్లల గది అంటారు. అందులో 34, 35 డిగ్రీల వేడి ఉండాలి. బయట 43 దాటితే ఈగలు నీళ్లు మోసుకొచ్చి, రెక్కలతో విసిరి లోపల చల్లబరుస్తాయి. నీళ్లు దగ్గర్లో లేకపోతే పిల్ల పురుగులు చస్తాయి, వేడికి మెత్తబడ్డ పట్టు తేనె బరువుకు జారిపోతుంది. అందుకని వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్లు వేసి, రాళ్ల తలలు మునగకుండా నీళ్లు పోసి, రోజూ మార్చండి. ఈ మూకుడు పెట్టె వచ్చిన రోజే పెట్టాలి. పక్కింటి కుళాయికో గొడ్ల తొట్టికో అలవాటుపడ్డ ఈగల్ని తర్వాత మళ్లించలేం, ఇరుగుపొరుగుతో తగవులు అక్కడే మొదలవుతాయి. మధ్యాహ్నం పెట్టె మీద తడి గోనెసంచి కప్పండి, గాలి రంధ్రాలు మాత్రం మూయవద్దు.

పూత లేని రోజుల్లో పంచదార, నీళ్లు సమానంగా కలిపి మరిగించి, చల్లార్చి, వారానికి రెండుసార్లు 200 మిల్లీలీటర్ల చొప్పున సాయంత్రం పెట్టె లోపల పెట్టండి. పగలు పెట్టినా, బయట ఒలికినా వేరే గూళ్ల ఈగలు దోపిడీకి వస్తాయి. ఈగలు కప్పని ఖాళీ పట్లు తీసేయండి, మైనపు పురుగు చేరేది వాటిలోకే. పట్టులో తెల్లటి బూజులాంటి సొరంగాలు కనిపిస్తే ఆ పురుగు వచ్చినట్టే. అడుగు పలక మీది చెత్తలోనూ అది పెరుగుతుంది గనుక వారంవారం తుడవాలి.

ఈ శ్రమ ఫలితం మీ గడప దగ్గరే ఆగదు. గుమ్మడి, దోస, పుచ్చలో మగపువ్వు, ఆడపువ్వు వేరువేరు. ఉదయం విచ్చిన పువ్వుకు పుప్పొడి చాలినంత అందకపోతే పిందె రాలుతుంది, లేదా కాయ వంకరపోతుంది. పొద్దుతిరుగుడులో తాలు గింజలు ఎక్కువ కావడానికి ఈగలు తగ్గడం ఒక కారణం. ఆ చేలో ఎకరాకు రెండు పెట్టెలు పెట్టమంటారు. పక్క రైతు పైసా పెట్టకుండానే లాభపడతాడు కాబట్టి, మందు కొట్టే ముందురోజు చెప్పమని ఆయన్ని అడిగే హక్కు మీకుంది. పూత మీద ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు కొట్టకూడదు. తప్పనిసరై వేరే మందు కొట్టాల్సివస్తే, ఈగలు గూటికి చేరాక పొద్దుగూకే వేళ కొట్టాలి. ఆ రాత్రి మీరు ద్వారానికి జాలీ బిగించి, మర్నాడు ఎండ ముదరకముందే తీసేయండి. ఎక్కువసేపు మూసి ఉంచితే వేడికి లోపలే ఉక్కిరిబిక్కిరై చస్తాయి.

తేనె పై గది నుంచే తీయండి, పిల్లల గది జోలికి పోవద్దు. ఫ్రేములో ముప్పాతిక భాగం గదులకు మైనపు మూత పడ్డాకే తేనె తీసే యంత్రంలో పెట్టి తిప్పాలి. అంతకుముందే తీస్తే నీరు ఎక్కువై, నురగ కట్టి పులుస్తుంది. పట్టు పిండకుండా తీస్తే దాన్నే మళ్లీ పెట్టెలో పెట్టవచ్చు, ఈగలకు కొత్తగా కట్టుకునే శ్రమ తప్పుతుంది. ఏప్రిల్ దాటాక తేనె తీయవద్దు, అది ఎండాకాలానికి ఈగల తిండి.

ఈగ కుడితే ముల్లును వెంటనే గోటితో గీకేయండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఏడాది నిండని బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. దయచేసి రాయకండి, ఎంత స్వచ్ఛమైన తేనైనా ఆ వయసులో ప్రాణం మీదికి తేవచ్చు. శిక్షణ గురించి దర్శి, నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగండి. పెట్టె కొనేలోపు, ఫ్రేము పట్టుకోవడం తెలిసినవాళ్ల పక్కన ఒక్కసారైనా నిలబడి చూడండి. నమస్కారం.