పాత ముక్క పారేయకుండ్రి: పాత కార్ల చిన్న సామాన్ల మీద ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం హైదరాబాద్. ఇవాళ మన ఫోన్-ఇన్ పాత కార్లున్న వాళ్ల కోసం. ఇంజన్ బాగానే ఉంటుంది, బాడీ బాగానే ఉంటుంది, ఆయిల్ కారకుండా ఆపే ఒక చిన్న రబ్బరు సీల్ దొరక్క బండి ఆర్నెల్లు కవర్ కప్పుకుని సెల్లార్‌లో పడి ఉంటుంది, చాలా ఇళ్లల్లో ఇదే కథ. స్టూడియోలో మనతో ఉస్తాద్ ఉన్నారు, ముప్పై ఏళ్లకి పైగా సికింద్రాబాద్‌లో కార్ల పనే చేస్తున్నారు. ఉస్తాద్, మొదటి కాల్ తీసుకుందామా?

ఉస్తాద్: తీస్కోండి మేడం. అందరికీ నమస్తే.

కాలర్ (సైనిక్‌పురి): నమస్తే ఉస్తాద్. నాది 94 మోడల్ మారుతి 800, నాన్నగారు కొన్న బండి, కార్బరేటర్ మోడల్. గేర్‌బాక్స్ దగ్గర డ్రైవ్ షాఫ్ట్ పక్క నుంచి ఆయిల్ కారుతోంది, మెకానిక్ విప్పి సీల్ పోయిందన్నాడు, మూడు షాపులు తిరిగాను, ఒకాయన పాత మోడల్ సామాను రాదన్నాడు, ఇంకొకాయన ఏదో ఇచ్చాడు గానీ అది లూజుగా కూర్చుంది, ఇప్పుడేం చెయ్యాలో అర్థం కావట్లేదు.

ఉస్తాద్: పాత సీల్ ఏడున్నది సార్?

కాలర్: మెకానిక్ పారేస్తుంటే నేనే తీసి కవర్లో పెట్టాను.

ఉస్తాద్: శభాష్! సగం పని మీరే చేసిన్రు. చూడుండ్రి, ఆ సీల్ కార్ కంపెనీ చేసింది కాదు, సీళ్లు చేసే కంపెనీ చేసింది. దానికి మీ బండి పేరు తెల్వదు, కొలత ఒక్కటే తెల్సు. కిరోసిన్‌తోని మెల్లగ తుడిచి, వెలుతుర్ల పెట్టి చూడుండ్రి, అంచు మీద మూడు అంకెలుంటయి. మొదటిది లోపలి కొలత అంటే షాఫ్ట్ లావు, రెండోది బయటి కొలత, మూడోది మందం, అన్నీ మిల్లీమీటర్లల్ల. పక్కన టీసీ అని ఉంటే రెండు పెదాల సీల్ అన్నట్టు, లోపలి పెదవి ఆయిల్ ఆపుతది, బయటిది దుమ్ము ఆపుతది. బాణం గుర్తుంటే అది షాఫ్ట్ తిరిగే దిక్కు, అది కూడ రాస్కోండి.

కాలర్: అంకెలు అరిగిపోయుంటే?

ఉస్తాద్: అప్పుడు కొలవాలె, కాని పాత సీల్ లోపల కొలవద్దు, అది సాగి ఉంటది. లోపలి కొలత షాఫ్ట్ మీద తీయాలె, బయటిది సీల్ కూసునే గుంత మీద తీయాలె, వెర్నియర్‌తోని, అంటే సన్న తేడా కూడ చూపే కొలత పరికరంతోని. టేపు పెట్టి కొలిస్తె మీకు మళ్ల ఆ లూజు సీలే దొరుకుతది. ఇంకోటి, మారుతి డబ్బా మీద పార్ట్ నంబర్ ఉంటది చూడుండ్రి, సుజుకీ నంబర్ అయిదంకెలు, గీత, మళ్ల అయిదంకెలు. 09తోని మొదలైతె అది సీల్, ఓ-రింగ్, బేరింగ్, బోల్ట్ లెక్క జనరల్ సామాను. నంబర్ల మధ్యల ఎం అక్షరం కనిపిస్తె మన దేశంల మారుతి పెట్టుకున్న నంబర్. 800 బండి 2014 జనవరిల ఆగింది గాని సామాను ఆగలే సార్, షాపాయన రాదన్నడంటే ఆయన దగ్గర లేదని అర్థం, అంతే.

యాంకర్: మీరు ఆ సీల్ తుడిచి మళ్లీ ఫోన్ చెయ్యండి సార్, లైన్ ఇస్తాం. నెక్స్ట్ కాల్, మలక్‌పేట నుంచి.

కాలర్ (మలక్‌పేట): సలాం ఉస్తాద్. మా అబ్బది 86 పద్మిని కారు ఉంది. వెనక చక్రం బ్రేక్‌ని నొక్కే వీల్ సిలిండర్ లీక్ అయితుంటే, దాని రబ్బర్ల కిట్ దొరకలేదని ఒక రబ్బర్ షాపుల సేమ్ సైజు కప్పులు, అంటే లోపలి రబ్బరు సీళ్లు, తెచ్చి వేసినం. వారం బాగుంది, తర్వాత బ్రేక్ వదుల్తలేదు, డ్రమ్ము చెయ్యి పెట్టరానంత కాల్తుంది.

ఉస్తాద్: బండి నడపకు తమ్మీ, ఈ మాట ముందు చెప్తున్న. సైజు కరెక్టే, రబ్బరు తప్పు. రబ్బర్ షాపుల మామూలుగ ఇచ్చేది నైట్రైల్, అది పెట్రోల్‌కి, ఇంజన్ ఆయిల్‌కి మంచిగ నిలబడ్తది. బ్రేక్ ఆయిల్ అంటే డాట్ 3, డాట్ 4, అది గ్లైకాల్ జాతి, దాంట్ల నైట్రైల్ ఉబ్బుతది. ఉబ్బి సిలిండర్ల పట్టేసింది, అందుకే డ్రమ్ము కాల్తుంది. బ్రేక్‌కి ఈపీడీఎం రబ్బరు కావాలె, దాన్ని తీస్కపోయి పెట్రోల్ లైన్ల పెడితే మళ్ల అదే ఉబ్బుతది. అందుకని ఏ ద్రవంల ఉండే రబ్బరో షాపుల చెప్పకుండ కొనొద్దు. మొత్తం ఆయిల్ తీసి, పైపులు కడిగి, అన్ని చక్రాల కప్పులు విప్పి చూడాలె.

కాలర్: మరి కిట్ ఎట్ల దొరుకుతది ఉస్తాద్? పద్మిని కిట్ అంటే పుత్లీబౌలిలో తల అడ్డం ఊపుతున్నరు.

ఉస్తాద్: పద్మిని కిట్ అని అడగకు. సిలిండర్ బోరు, అంటే లోపలి రంధ్రం, ఎంతో కొలిచి ఆ బోరు కిట్ అడుగు, బాడీ మీద సైజు పోత పోసి ఉంటది చాలాసార్లు. ముప్పావు ఇంచు అంటే 19.05 మిల్లీ, 19కి దానికి కంటికి తేడా తెల్వదు. బోరుల గీతలు పడ్డయా, కొత్త కప్పు వేసినా కారుతది, అప్పుడు సిలిండర్ని పెద్దగ కోయించి లోపల స్లీవ్, అంటే కొత్త గొట్టం, కొట్టిస్తరు, అది తెల్సిన లేత్ ఆయన దగ్గరనే చేపియ్యి. ఇంకా, ఎవరన్న పాత స్టాక్, ఇప్పటిదాక విప్పని డబ్బా అని చూపిస్తె, ఇనుపది అయితె కండ్లకద్దుకొని కొను, రబ్బరుది అయితె వద్దు. ఇరవై ఏండ్లు డబ్బాల ఉన్నా రబ్బరు గట్టి పడ్తది.

యాంకర్: బ్రేక్ విషయంలో మీ గొంతే మారిపోయింది ఉస్తాద్.

ఉస్తాద్: మారుతది మేడం. నేను చిన్న పోరగాన్ని ఉన్నప్పుడు షెడ్డుల బ్రేక్ పైపు నట్టు ఒకటి పోగొట్టిన, డబ్బాలకెళ్లి అట్లనే ఉన్న ఇంకోటి ఏసి బిగించిన. అది ఇంచు నట్టు, 3/8, ఇంచుకి 24 మర చుట్లు, అంటే తొమ్మిదిన్నర మిల్లీ లావు. ఆ గుంత మెట్రిక్, 10 మిల్లీ, ఒక్కో చుట్టు 1 మిల్లీ. ఆ నట్టు దాంట్ల పోతది, రెండు చుట్లు పట్టినట్టే ఉంటది. పెడల్ రెండుసార్లు నిలబడ్డది, మూడోసారి నేలకి పోయింది, బండి పోయి షెడ్డు గోడకి తగిలి ఆగింది. మా ఉస్తాద్ ఒక్క మాట అనలే. ఆ ఇంచు నట్టు, సరైన మెట్రిక్ నట్టు ఒకటి, రెండూ నా చేతిల పెట్టి నెల రోజులు జేబులనే ఉంచుకొమ్మన్నడు. పని లేనప్పుడల్ల రెండింటిని వేళ్ల మధ్యన తిప్పి చూసేటోన్ని. అంబాసిడర్ ఇంగ్లండ్ మోరిస్‌కెళ్లి వచ్చింది, దాంట్ల ఇంచులు. పద్మిని ఇటలీ ఫియట్‌కెళ్లి వచ్చింది, దాంట్ల మిల్లీలు. ఇప్పటికీ మర చుట్లు కొలిచే థ్రెడ్ గేజ్ లేకుండ బ్రేక్ నట్టు ముట్ట.

యాంకర్: కూకట్‌పల్లి నుంచి మేడం లైన్‌లో ఉన్నారు.

కాలర్ (కూకట్‌పల్లి): నమస్కారమండీ. మాది 97 మారుతి జెన్ అండీ, గేర్ లివర్ కింద పిన్ను చుట్టూ ఉండే ప్లాస్టిక్ బుష్షు ముక్కలైపోయింది, గేరు పడుతుందో లేదో తెలియట్లేదు, షాపులో అడిగితే లివర్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే లింకేజ్ సెట్టు మొత్తం మార్చాలంటున్నారు, అదీ సెకండ్ హ్యాండ్‌దే అంట.

ఉస్తాద్: బుష్షు కోసం సెట్టు ఎందుకమ్మా. ముక్కలు కలిపి ఒక ఫోటో తీస్కోండి, ఎటు వైపు అంచుందో తెలుస్తది. కొలత మాత్రం ముక్కలది కాదు, పిన్నుది, అది కూసునే రంధ్రందీ తీయాలె. బాలానగర్‌ల చిన్న లేత్‌లు మస్తున్నయి, డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ రాడ్డుల తిప్పియ్యమనుండ్రి. నైలాన్ అంటె వద్దనుండ్రి, తేమ పీల్చి లావైతది, వానాకాలంల గేరు పట్టేస్తది. ఒక్కటే చేపియ్యకండమ్మా, మూడు చేపియ్యండి, మిషన్ సెట్ చేసినందుకే ఆయనకి టైం పడ్తది, రెండోది మూడోది ఎక్కువ ఖర్చు కాదు.

కాలర్: ఇంజన్ సామాను కూడా ఇలాగే కష్టమవుతుందా అండీ?

ఉస్తాద్: కొంచెం నయమే. జెన్, ఎస్టీమ్, తర్వాత వచ్చిన జిప్సీ ఇంజన్లు ఒకే కుటుంబం, జీ సిరీస్. అన్నీ కలుస్తయని కాదు, కాని జెన్‌ది లేదంటే అక్కడ ఆగకుండ పార్ట్ నంబర్ పట్టుకొని ఆ రెండింటిల కూడ ఎతకాలె.

యాంకర్: బర్కత్‌పుర నుంచి ఒకాయన అంబాసిడర్ బానెట్ మీది పాత బ్యాడ్జ్ ఎక్కడ దొరుకుతుందని మెసేజ్ పెట్టారు.

ఉస్తాద్: ఆదివారం పొద్దుగాల ఎర్రగడ్డ అంగట్ల తిరగాలె, ఓపికుండాలె. లేకుంటే కలకత్తా మల్లిక్ బజార్‌ల అడిగిపియ్యాలె, ఆ బండి పుట్టిందే అటు పక్క ఉత్తర్‌పారాల కదా.

యాంకర్: సైనిక్‌పురి సార్ మళ్లీ లైన్‌లోకొచ్చారు.

కాలర్ (సైనిక్‌పురి): ఉస్తాద్, తుడిచాను. రెండు అంకెలు స్పష్టంగా ఉన్నాయి, పక్కన టీసీ కూడా ఉంది. మూడోదే కనపడట్లేదు.

ఉస్తాద్: మూడోది మందం సార్, అదొక్కటి పాత సీల్ మీద కొలిచినా చాలు, ఇనుప రింగ్ ఉంటది కాబట్టి మందం మారదు. ఆ మూడు రాస్కొని రాణీగంజ్‌ల సీళ్లు, బేరింగులు అమ్మే దుకాణంకి పోండి. పాతది జేబుల ఉండాలె. బండి పేరు చెప్పకండి, మూడంకెలు, టీసీ, గేర్ ఆయిల్‌కి అని చెప్పండి.

కాలర్: రేపే వెళ్తాను ఉస్తాద్.

ఉస్తాద్: రేపు ఆదివారం సార్, అక్కడ చాలా షాపులు బందుంటయి. సోమవారం పోండి.